ఆరు, ఏడు, ఎనిమిది: మన పిల్లల్ని దించేసే మూడు మెట్లు

‘డ్రాపౌట్’ అనే మాటను ముందు తీసి చెత్తబుట్టలో వెయ్యాలి. సర్కారు లెక్కల్లో అదే మాట, పేపర్ల సంపాదకీయాల్లో అదే మాట, స్టాఫ్‌రూముల్లో అదే మాట. పండుటాకు రాలినట్టు మన పిల్లలు బడిలోంచి వాళ్ళంతట వాళ్ళే రాలిపోతున్నారట! గాలి వీచింది లేదు, కొమ్మ ఊపింది లేదు, ఆకే రాలిందట. ఎంత సుఖమైన మాట! నేరమంతా రాలినవాడి నెత్తిన పడింది. కొమ్మ ఊపినవాడు చేతులు కడుక్కున్నాడు.

మేం టీచర్లం. మాల మాదిగ పల్లెల్లోంచి వచ్చినవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అనేది మొదటిసారి మా చేతుల్లోనే కనపడింది. జిల్లా పరిషత్ హైస్కూళ్ళల్లో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాం. రోజూ హాజరు పట్టీ మీద వేలు పెట్టి పేర్లు పిలిచే మేం చెప్తున్నాం వినండి. మన పిల్లలు బడి మానట్లేదు, వాళ్ళను మాన్పిస్తున్నారు. ఆ పని ఆరో తరగతిలో మొదలై ఎనిమిదో తరగతికి పూర్తవుతుంది. పదకొండో ఏట చెయ్యి వేసి పద్నాలుగో ఏటికి గెంటేస్తారు. తర్వాత యూనివర్సిటీలో రిజర్వేషన్ సీటు మీద అగ్రకులాలు గగ్గోలు పెట్టేనాటికి, ఆ సీటు దాకా రావాల్సిన పిల్లలు ఎందరో మిరప చేలల్లో, ఇటుక బట్టీల్లో, అత్తగారిళ్ళల్లో ఉంటారు.

గీత దాటే వయసు

చాలా ఊళ్ళల్లో ఐదో తరగతి దాకా మన పిల్లల బడి పల్లెలోనే ఉంటుంది. పక్కన కూర్చునేది మేనత్త కొడుకో, ఎదురింటి పిల్లో. ఆరో తరగతికి హైస్కూలు ఊళ్ళో ఉంటుంది, లేదంటే పక్కూళ్ళో. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం రాసిన నిబంధనల్లో ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. మూడు కిలోమీటర్లే గదా అంటారు దొరలు. పల్లెకూ ఊరికీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలిచినవాడెవడయ్యా? అది రచ్చబండ పక్కనుంచి, అరుగుల ముందునుంచి, చూపుల కిందినుంచి నడిచే దూరం. అమ్మ కొంగు పట్టుకుని కూలికి పోయేటప్పుడు తప్ప ఊళ్ళోకి ఎరగని పిల్ల, పదకొండో ఏట సంచి తగిలించుకుని ఒంటరిగా రోజూ ఆ గీత దాటాలి.

అదే ఏడు చదువూ మారుతుంది. నిన్నటిదాకా ఒకరో ఇద్దరో పంతుళ్ళు. ఇవాళ సబ్జెక్టుకొక మనిషి. కొత్తగా హిందీ వచ్చి కూర్చుంటుంది. లెక్కల్లో అంకెల మధ్యకు అక్షరాలు వస్తాయి. అదే ఏడో, ఆ మరుసటేడో ఒళ్ళూ మారుతుంది. గొంతు బొంగురుపోతుంది, ఆడపిల్లకు నెలసరి వస్తుంది. ఆ మారిన ఒళ్ళు మీద ముఠా మేస్త్రీ కన్ను పడుతుంది. “పిల్ల ఎదిగిందిగా, రేపటినుంచి కోతకు తీసుకురా” అంటాడు.

ఊరు, చదువు, ఒళ్ళు, కూలి. నాలుగూ కలిసి ఒకేసారి మీదపడతాయి. ఊరివాళ్ళ పిల్లకు ఇందులో సగమే. బడి వాళ్ళ వీధిలోనే ఉంది, ఇంట్లో పాఠం చెప్పే అక్కో అన్నో ఉన్నాడు, మేస్త్రీ వాళ్ళ గడప తొక్కడు. మన పిల్ల నాలుగింటినీ ఒక్కతే మోస్తుంది. మోయలేక ఒక రోజు ఆగితే దాని పేరు డ్రాపౌట్!

బి.ఇడి.లో మాకు కౌమార దశ మీద పెద్ద పాఠమే ఉంది. ఈ వయసులో స్నేహం కావాలి, గౌరవం కావాలి, తానెవరో తెలుసుకోవాలనే తపన ఉంటుంది అని రాసుంటుంది. ఆ పాఠంలో పిల్లకు వయసుంది, లింగముంది, బుద్ధి ఉంది. కులం మాత్రం లేదు. మరి తరగతి గదిలో? పసిపిల్లకు దెబ్బ తగిలితే ఏడ్చి మర్చిపోతుంది. పన్నెండేళ్ళ పిల్లకు మాట తగిలితే మర్చిపోదు. తన పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు జరిగారు, మంచినీళ్ళ సీసా ఎవరు ఇచ్చారు, ఎవరు దాచుకున్నారు అన్నీ లెక్కపెట్టుకుంటుంది. సరిగ్గా ఆ వయసులోనే ఒక కాగితం పట్టుకుని గుమాస్తా వస్తాడు. “ఎస్సీలంతా లేచి నిలబడండి.” నలభై జతల కళ్ళు తిరుగుతాయి. ఉపకారవేతనం వస్తుందో రాదో గానీ కులం మాత్రం ఆ పూటే ముడుతుంది. పేర్లు రాసుకోవడానికి వేరే దారి లేదా? అడ్మిషన్ రిజిస్టరులో అన్నీ ఉన్నాయిగా! ఉన్నా లేపుతారు. గదులు ఊడ్చేందుకు, ట్యాంకు కడిగేందుకు, దొడ్లో నీళ్ళు పోసేందుకు చూపుడు వేలు ఎవరి బెంచీ వైపు తిరుగుతుందో మీ పిల్లల్ని అడగండి, చెప్తారు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. బడిలో వివక్ష లేకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని కూడా అదే చట్టం రాసింది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అది గోడ మీద బోర్డు దాకా వచ్చి ఆగింది.

స్టాఫ్‌రూము వాదనలు, మా జవాబులు

మొదటి వాదన: “వాళ్ళ తల్లిదండ్రులకు పట్టదండీ.” తల్లిదండ్రుల సమావేశం పెట్టేది ఎప్పుడు? పని రోజున పదకొండు గంటలకు. ఆ తల్లి తెల్లారుజామున ఆటోలో ఇరవైమందితో కుక్కుకుని మిరప కోతకు పోయింది. ఆమె మీటింగుకు రావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. ఆ కూలి ఎవడిస్తాడు? చీకటి పడ్డాక పల్లెకు పోయి చూడండి. ఏ తల్లి మిమ్మల్ని నిలబెట్టి మాట్లాడుతుందో చూడండి. చాప వేస్తుంది, టీ పెడుతుంది, “మా పిల్ల ఎట్టా చదువుతుంది సారూ” అని అడుగుతుంది. పట్టనిది ఎవరికో అప్పుడు తెలుస్తుంది.

రెండో వాదన: “వాళ్ళకు బేసిక్స్ లేవండీ. ఆరో తరగతికొచ్చి తెలుగు కూడా చదవలేరు.” నిజమే, చాలామంది చదవలేరు. అసర్ సంస్థ 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళను పరీక్షించింది. నూటికి పాతికమంది దాకా తమ భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు సగం కన్నా తక్కువ. ఇప్పుడు చెప్పండి. ఆరో తరగతిలో చదవడం నేర్పేది ఎవరు? సైన్సు టీచరు నా పని కాదంటాడు. సోషల్ టీచరు సిలబస్ అంటాడు. తెలుగు పంతులు ఛందస్సు చెప్తాడు. చదవడం రాని పిల్ల మూడేళ్ళు అన్ని సబ్జెక్టులకూ మౌనంగా కూర్చుని లేస్తుంది. అదే చట్టం 24వ సెక్షన్ ప్రతి పిల్ల శక్తిని అంచనా వేసి, అవసరమైన పిల్లకు అదనంగా చెప్పడం టీచరు విధి అంటోంది. అది దయాధర్మం కింద వదిలేసే పని కాదు, జీతానికి చెయ్యాల్సిన పని.

మూడో వాదన అన్నిటికన్నా ప్రమాదం: “ఫెయిల్ చెయ్యకపోవడం వల్లే చెడిపోయారు. ఆపితేగానీ దారికి రారు.” 2019లో పార్లమెంటు విద్యాహక్కు చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఆపేందుకు తలుపు తెరిచింది. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు నిబంధనలు రాసింది. పరీక్ష తప్పితే రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష, అదీ తప్పితే అదే తరగతి. రాష్ట్రాలు తమ దారి తాము చూసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ మాటకు చప్పట్లు కొట్టేవాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళకు మా జవాబు ఇది.

ఈ మందు మా మీద ముందే వాడారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేం చదువుకునే రోజుల్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. మా పల్లెల్లో ‘ఏడు తప్పాడు’ అనేది ఒక పట్టా లాంటిది. మాతో పలక పట్టినవాళ్ళు ఎందరో ఆ గేటు దగ్గరే ఆగిపోయారు. ఆపినందుకు వాళ్ళల్లో ఎవరికి చదువొచ్చింది? ఎవరు దారికొచ్చారు? వచ్చింది కూలి దారికే.

ఎనిమిదిలో ఆపితే ఏమవుతుందో లెక్క చూడండి. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు నిండుతాయి. రాజ్యాంగం 21ఎ అధికరణం ఇచ్చిన చదువు హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకే. బాలకార్మిక చట్టం 2016లో సవరించాక, పద్నాలుగు దాటినవాళ్ళకు ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధం ఉంది. అంటే చదువు హక్కు ఏ పుట్టినరోజున ఆగుతుందో ఆ రోజునే పనిలోకి తలుపు తెరుచుకుంటుంది. ఆ గుమ్మం మీద నిలబడ్డ పిల్లను పట్టుకుని “నువ్వు ఫెయిల్” అంటే ఏ వైపు పడుతుంది? ఇది తెలియక చెప్తున్నారా ఈ వాదన? మూడేళ్ళు చదవడం నేర్పనివాడికి శిక్ష లేదు, నేర్వనిపిల్లకు శిక్ష! జీతం తీసుకున్నవాడు పాస్, అన్నం మానుకుని వచ్చిన పిల్ల ఫెయిల్!

మధ్యలో పిల్లలకు మిగిలేది అడుగూబొడుగే

సర్కారు దృష్టిలో రెండే చదువులున్నాయి. పలక చదువు, పట్టా చదువు. మధ్యలో ఈ మూడేళ్ళు ఎవరికీ పట్టవు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక బడుల్లో వండిన అన్నం పెట్టమని ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర పథకం ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చేరింది 2007లో, అదీ ముందుగా వెనకబడ్డ బ్లాకులకు. ఎదిగే వయసులో ఆకలి ఎక్కువ. అన్నం మాత్రం ఆలస్యం. వంటమనుషుల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు చెప్పింది. మీ ఊరి బడిలో పొయ్యి దగ్గర ఎవరున్నారో పోయి చూసి రండి.

ఉపకారవేతనం సంగతి ఇంకా ఘోరం. ఎస్సీ పిల్లలందరికీ అంటూ కేంద్రం 2012లో తెచ్చిన ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 9, 10 తరగతులకే. కేంద్రం సొమ్ము ఆరో తరగతిలో కావాలంటే ఒకే దారి ఉంది. మీ నాయన పాకీపనో, తోలుపనో, చెత్త ఏరే పనో చేస్తున్నట్టు సర్టిఫికెట్ తేవాలి. ఆ పథకం ఒకటి నుంచి పది దాకా వర్తిస్తుంది. ఆ కుటుంబాలకు రావాల్సిందే, ఇంకా ఎక్కువే రావాలి. కానీ కూలి చేసే మాదిగ తండ్రి బిడ్డ ఆరు నుంచి ఎనిమిది దాకా గాలి తిని చదవాలా? రాష్ట్రాల హాస్టళ్ళున్నాయి. ఆంధ్రలో 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం వచ్చాయి. తల్లి చేతికి డబ్బు రావడం మంచిదే, వద్దనేవాడు మన శత్రువు. అయితే ఆ డబ్బు చదవడం నేర్పదు, ఆ డబ్బు “ఎస్సీలంతా లేవండి” అనే నోరు మూయించదు.

2016 సవరణలోనే ఇంకో మెలిక ఉంది. పద్నాలుగు లోపు పిల్లలు బడి అయ్యాకా సెలవుల్లోనూ కుటుంబ పనిలో సాయం చెయ్యొచ్చట. షావుకారు కొడుకు కుటుంబ పని గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం. మన పిల్ల కుటుంబ పని ఏంది? చెప్పులు కుట్టడం, డప్పు మోయడం, గొడ్లు కాయడం. వృత్తి కులాన్ని చట్టం పుస్తకంలోకి ఇంత మర్యాదగా ఎక్కించినందుకు మనువు ఉంటే దండం పెట్టేవాడు. నడిగడ్డలో, కర్నూలు వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగు పనికి ఏళ్ళ తరబడి చిన్నపిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని పెట్టారు. చిన్న వేళ్ళు, చిన్న కూలి. ఆ వేళ్ళు పెన్సిలు పట్టాల్సిన వేళ్ళని ఎవరికీ గుర్తురాలేదు.

ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. హైస్కూలు దూరం, దారిలో పోకిరీలు, తలుపు లేని దొడ్డి, ఏ రోజు ఏ మాట పడుతుందోననే భయం. ఇన్నిటి మధ్య తల్లి పెళ్ళి చేసేస్తే “మూఢనమ్మకం” అని ఉపన్యాసం ఇస్తారు. తల్లి భయాన్ని తీర్చే ఏర్పాటు చెయ్యండి, తర్వాత ఉపన్యాసం ఇవ్వండి. చెయ్యాలనుకుంటే అవుతుందనేందుకు సాక్ష్యం ఉంది. 2004లో కస్తూర్బా విద్యాలయాలు పెట్టింది సరిగ్గా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల కోసమే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు పద్నాలుగు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల, గిరిజన కూలీల బిడ్డ. అన్నం పెట్టి, చదువు చెప్పి, నమ్మి పంపితే ఆ వయసు ఏం చెయ్యగలదో ప్రపంచం చూసింది. ఒక్క పూర్ణ ఫోటో గోడకు తగిలించి, మిగతా పిల్లల్ని చేలకు తోలడం మాత్రం కుదరదు.

గేటు జరిగింది గానీ పోలేదు

ఇది ఇవాళ మొదలైన కొట్లాట అనుకోవద్దు. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే, రైతుల పన్నులతో పైకులాల పై చదువులు నడుపుతున్నారని నిలదీశాడు. కనీసం పన్నెండేళ్ళ దాకా చదువు తప్పనిసరి చెయ్యమన్నాడు. 1927లో బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో లెక్క తీశాడు. బడిలో చేరిన ప్రతి 100 మందిలో నాలుగో తరగతికి చేరేది 18 మందే, మిగతా 82 మంది మళ్ళీ నిరక్షరాస్యుల్లో కలుస్తున్నారన్నాడు. అప్పుడు గేటు నాలుగో తరగతి దగ్గర. మా చిన్నప్పుడు ఏడు దగ్గర. ఇప్పుడు ఎనిమిది దగ్గర పెడదామంటున్నారు. వందేళ్ళల్లో గేటు నాలుగు తరగతులు జరిగింది, కాపలావాడు మారలేదు.

ఈ వయసు పిల్లలకు ఏం తెలుసు అనేవాళ్ళు ముక్తాబాయి పేరు వినాలి. మాంగ్ కులం పిల్ల, ఫూలే దంపతుల బడిలో చదివింది. మన మిడిల్ స్కూలు పిల్లల వయసులోనే మహార్ మాంగుల దుఃఖం మీద వ్యాసం రాసింది. 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. మూడేళ్ళ చదువుకే ఆ పిల్ల బ్రాహ్మణ్యాన్ని నిలదీసింది. మన పిల్లలకు ఎవరైనా “నీ పల్లె గురించి రాయి” అని కాగితం ఇచ్చారా? ‘నా పెంపుడు కుక్క’, ‘విహారయాత్ర’ మీద రాయమంటే వాళ్ళేం రాస్తారు? చెరువు గట్టు మీద మేత, చర్చి ముందు క్రిస్మస్ స్టారు, నాయన డప్పు, అమ్మ మిరప ఘాటు. వీటి మీద రాయమనండి, ‘చదువు రాని’ పిల్ల రెండు పేజీలు నింపుతుంది. ఇంగ్లీషు కూడా అంతే. మన పిల్లలకు ఇంగ్లీషు మీడియం వద్దని కన్నీళ్ళు కార్చేవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో ఉన్నారో ముందు చెప్పాలి. మనకు ఇంగ్లీషు కావాలి. అయితే పుస్తకం మార్చి చేతులు దులుపుకుంటే చాలదు, ఆరో తరగతిలో దాన్ని మెట్టు మెట్టుగా ఎక్కించే టీచరు కూడా కావాలి.

మనం అడిగేది, మనం చేసేది

సర్కారును అడుగుదాం. ఎనిమిదిలో ఆపే మాట ఎత్తొద్దు. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ మొదటి నెలల్లోనే చదవడం, లెక్క చూసి, రాని పిల్లకు రోజూ ఒక గంట కేటాయించాలి, దానికి టీచర్ని ఇవ్వాలి. కేంద్ర ఉపకారవేతనం ఆరో తరగతి నుంచే ఇవ్వాలి. పల్లె నుంచి హైస్కూలుకు ఆడపిల్లలకు రవాణా ఉండాలి. చదువు హక్కు పద్నాలుగుతో ఆగకుండా పన్నెండో తరగతి దాకా పోవాలి.

బడిని అడుగుదాం. కులం పేరుతో పిల్లల్ని లేపడం ఆపాలి. పక్కనే తమిళనాడులో, 2023 ఆగస్టులో నాంగునేరి దగ్గర దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే ఇంటికొచ్చి దాడి చేశాక, ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీ వేసింది. పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టమని ఆ కమిటీ 2024 జూన్‌లో చెప్పింది. అది చెయ్యడానికి రూపాయి ఖర్చు లేదు. మన హెడ్మాస్టర్లు రేపే చెయ్యొచ్చు. వరసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు టీచరు పోవాలి. పేరు రిజిస్టర్లో, పిల్ల చేలో ఉంటే దాన్ని హాజరనరు, దొంగ లెక్క అంటారు.

చివరిగా మనవాళ్ళతో. కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తుటిలోంచి లేచిన ఉద్యమం ఊరూరా అంబేడ్కర్ సంఘం పెట్టింది, పల్లె పల్లెకు విగ్రహం నిలబెట్టింది. ఆ విగ్రహం చేతిలో పుస్తకం ఉంది. ఏప్రిల్ 14న దండ వేసి, డీజే పెట్టి ఇంటికి పోతే ఆ పుస్తకం ఎవరు చదువుతారు? విగ్రహం పక్కనే లైటు ఉంది, గచ్చు ఉంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆరు, ఏడు, ఎనిమిది పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టండి. ఇంటరు చదివే పిల్లలు చెప్పొచ్చు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళు చెప్పొచ్చు. పట్నంలో స్థిరపడ్డ ఉద్యోగులు నెలకొక ఆదివారం రావొచ్చు. చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మన వాటా మనకు ఉండాలి. ఆ కుర్చీల్లో మన తల్లుల్ని కూర్చోబెట్టండి. మీటింగు సాయంత్రం పెట్టమని పట్టుబట్టండి.

ఒక పని మాత్రం ఈ ఏడే మొదలుపెట్టండి. జూన్‌లో బడులు తెరిచే లోపు ప్రతి సంఘం ఒక నోటుబుక్కు కొనాలి. పల్లెలో ఐదో తరగతి ముగించిన ప్రతి ఆడపిల్ల, మగపిల్లవాడి పేరు అందులో రాయాలి. ప్రతి మూడు నెలలకూ ఇంటికి పోయి గుర్తు పెట్టాలి. బడిలో ఉంటే టిక్కు, లేకపోతే ఎక్కడుందో, ఎవరు మాన్పించారో ఒక్క ముక్క. మూడేళ్ళ తర్వాత ఆ పుస్తకం పట్టుకుని మండల విద్యాశాఖాధికారి ముందు నిలబడదాం. వాళ్ళ లెక్క వాళ్ళు చదవనీ, మన లెక్క మనం చదువుదాం. ఆ పుస్తకంలో ‘డ్రాపౌట్’ అనే గడి ఉండకూడదు. మాన్పించినవాడి పేరు రాసే గడి ఉండాలి.

జై భీం!